వెయ్యి నవలలు ఎలా రాశారో ఎవరినడగాలి?

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టులో గుమాస్తాగా పనిచేసే కుర్రవాడొకడు ఈమధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. "మాస్టారూ, కొవ్వలి వారు రోజుకి ఎన్ని పేజీలు రాసేవోరండీ?" అని.

ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. కొవ్వలి లక్ష్మీనరసింహరావు గారిది తణుకు. గూడెంలో బస్సెక్కితే గంటలో దిగుతాం. ఆయన 1912లో పుట్టి 1975లో కాలం చేశారు. అంటే నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లో ఆయన సజీవులే. వెయ్యి నవలలు రాసిన మనిషి మన పక్క ఊరివాడై ఉండి, ఆయన పుస్తకాలు దొంగచాటుగా చదివి పెరిగినవాణ్నై ఉండి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. పరువు దక్కించుకోవడానికి లెక్క కట్టాను. "ఇరవై మూడో ఏట మొదలుపెట్టారనుకున్నా నలభై ఏళ్లు రాశారు. ఏటికి పాతిక నవలలు. నెలకు రెండు" అన్నాను.

"లెక్క నేనూ ఏశానండీ. ఎలా రాశారని అడుగుతున్నాను" అన్నాడు.

ఆ మాట పట్టుకునే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు ఈ కుర్రవాడి సంగతి చెప్పాలి. పేరెందుకు గాని, వయసు ముప్పై దాటలేదు. సస్పెన్సు నవలలు రాస్తాడు. అచ్చులో కాదు, ఇప్పటి పద్ధతిలో సెల్‌ఫోనులో సీరియల్‌గా వారానికో భాగం పెడతాడు. డబ్బేమీ పెద్దగా రాదు. చదివేవాళ్లు మాత్రం ఉన్నారు. భాగం ఒకరోజు ఆలస్యమైతే ఎక్కడో గల్ఫులో ఉన్న మన పక్క ఊరివాడు, "ఏమయ్యా, ఆ కాపలావాడు బతికాడా లేదా" అని తిడుతూ మెసేజీ పెడతాడట. రచయితకు అంతకన్న సన్మానమేముంది?

సస్పెన్సు రచయిత అనగానే మన కళ్ల ముందు ఒక బొమ్మ కదులుతుంది. అర్ధరాత్రి, బయట వాన, టేబుల్ లైటు, యాష్‌ట్రే నిండా సిగరెట్టు పీకలు, మాసిన గడ్డం. సినిమాల వాళ్లు మనకిచ్చిన బొమ్మ అది. ఈ కుర్రవాడు తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు. వసారాలో చాప వేసుకుని ఆరింటిదాకా రూళ్ల నోటుబుక్కులో రాస్తాడు. తరువాత స్నానం, చద్దన్నం, సైకిలు, కొట్టు. లారీలు దిగడం, గోతాలు విప్పడం, పాట, కాటా, చిట్టా. మధ్యాహ్నం బజారు చల్లబడ్డాక గోతాలమీద కూర్చుని పొద్దున రాసింది ఫోనులోకి ఎక్కిస్తాడు. రాత్రి తొమ్మిదిన్నరకు నిద్ర.

"రాత్రిళ్లు రాయవా?" అన్నాను.

"రాత్రిళ్లు రాస్తే నిద్ర చెడుద్ది మాస్టారూ. తెల్లారి కాటా దగ్గర తప్పు పడుద్ది. షావుకారు ఊరుకుంటాడా?"

అతని నోటుబుక్కు అడిగి చూశాను. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు పాఠకుడికి తెలిసిన సంగతులు, కుడివైపు కథలో మనిషికి తెలిసిన సంగతులు, వాటి పక్కన ఏ భాగంలో తెలిసిందో ఆ అంకె. అచ్చం జమాఖర్చుల పద్ధతే. "కొట్టు చిట్టాలో రెండు వైపులా సరిపోవాలండీ. ఇక్కడ సరిపోకూడదు. సరిపోయిందంటే ఆ వారం భాగం చప్పబడిపోయినట్టే. ఆఖరి పేజీలో సరిపెడతానండీ" అన్నాడు. ముప్పై నాలుగేళ్లు కథానిక, నవల, ఉత్కంఠ అని నల్లబల్లమీద రాసి నిర్వచనాలు బట్టీ పట్టించినవాణ్ని. ఇంత సుళువుగా నేనెన్నడూ చెప్పలేకపోయాను.

ఇంకో అలవాటు ఉంది. భాగం రాయగానే భార్యకు వినిపిస్తాడు. ఆవిడ పప్పు రుబ్బుకుంటూ వింటుంది. మూడు పేజీలు కాకముందే "ఆళ్ల బావే చంపుంటాడు" అంటుంది. అన్నదంటే ఆ పేజీలు చింపి మళ్లీ రాయాలి. "ఆవిడ రుబ్బడం ఆపిందనుకోండి, ఆ భాగం పాసయినట్టు" అంటాడు.

దొరల దేశాల్లో పేరుపడ్డ వాళ్ల దినచర్యలు చూసినా ఈ గుమాస్తా పద్ధతికి పెద్ద దూరంలో ఉండవు. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది. ఏ మందు ఎంత మోతాదు దాటితే విషమో అక్కడే నేర్చుకుంది. 1920లో అచ్చయిన ఆమె తొలి నవలలో హత్య జరిగింది విషంతోనే. అంట్లు తోముకునేటప్పుడే నవలలకు పథకాలు బాగా తోస్తాయని చెప్పిన మనిషి ఆమె. జార్జి సిమెనాన్ అనే ఫ్రెంచి భాషా రచయిత నవల మొదలెట్టేముందు ఒక కవరుమీద పాత్రల పేర్లు, వయసులు, చిరునామాలు రాసుకునేవాడు. ఆపైన రోజుకొక అధ్యాయం, పది పదకొండు రోజుల్లో నవల పూర్తి. సొంత పేరుతో రమారమి రెండు వందలు రాశాడు. రేమండ్ చాండ్లర్ అని అమెరికా ఆయన ఇంకో నియమం చెప్పాడు. రోజుకు నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవాలి; రాయబుద్ధి కాకపోతే రాయనక్కరలేదు, కాని ఇంకే పనీ చేయకూడదు. పరీక్షల ముందు మా హాస్టలు పిల్లలకు నేను పెట్టిన నియమమూ ఇదే. వాళ్లు రాయలేదు సరికదా, నిద్రపోయారు!

మనవాళ్లలోనూ ఉద్యోగం చేసుకుంటూ రాసినవాళ్లే ఎక్కువ. 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు, చేతబడి భయంతో రాత్రిళ్లు పెరట్లోకి వెళ్లడానికి జంకిన ఇళ్లు నాకు తెలుసు. అది రాసిన యండమూరి వీరేంద్రనాథ్ చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. అంకెల మనిషి. మల్లాది వెంకట కృష్ణమూర్తి ఏళ్ల తరబడి ఫోటో కూడా పత్రికలకు ఇవ్వకుండా రాశారు. ఆయన 'చంటబ్బాయ్' 1986లో సినిమా అయింది. తెర నిండా డిటెక్టివు కనిపించాడు గాని పుట్టించినవాడి ముఖం ఎవరికీ తెలియదు. వీళ్లందరికన్న ముందువారు కొమ్మూరి సాంబశివరావు గారు (1926-1994). తెనాలివారు. ఆయన డిటెక్టివు యుగంధర్, అసిస్టెంటు రాజు నా తరంవాళ్లకు మేనమామ కొడుకులకన్న దగ్గరివాళ్లు.

ఏలూరు పవరుపేటలో అద్దె పుస్తకాల షాపు ఒకటుండేది. రోజుకు పది పైసలు. పుస్తకం అట్టకు మైనపు గుడ్డ కుట్టి, లోపల చివరి రెండు పేజీలు చినిగి ఉండేవి. హంతకుడెవరో తెలియకుండా నేను చదివిన నవలలు ఇప్పటికీ మూడున్నాయి. తరువాత మాస్టరునయ్యాక చేసిన పాపమూ చెప్పుకోవాలి. క్లాసులో తెలుగు వాచకం చాటున డిటెక్టివ్ నవల పెట్టుకుని చదివే పిల్లల దగ్గర పుస్తకాలు లాక్కునేవాణ్ని. ఇంటికి తెచ్చి రాత్రికి రాత్రి చదివి, మర్నాడు "ఇంకెప్పుడూ ఇలాంటి చెత్త చదవకు" అని తిరిగిచ్చేవాణ్ని. ఒకరిద్దరికి దెబ్బలు కూడా వేశాను. వాళ్లలో ఒకడు కనిపిస్తే క్షమించమని అడగాలనుంది. ఆ చెత్త చదివే వాడికి చదవడం అలవాటైందని ఇప్పుడు నాకు బాగా తెలుసు.

కొవ్వలి వారికి జరిగిందీ ఇదే. ఆయన నవలల్లో ఎక్కువ సాంఘికాలే, హత్యలూ డిటెక్టివులూ కావు. అయినా తరువాతి పేజీ తిప్పించే విద్య సస్పెన్సు రాసేవాళ్లదీ ఆయనదీ ఒకటే. రైల్వే స్టేషన్లలో అణాల ధరకు అమ్మేవారు. ఏలూరులో ఎక్కినవాడు నిడదవోలులో దిగేలోగా పుస్తకం అయిపోయేది. మా ఇంట్లో అవి బియ్యపు డబ్బా వెనుక ఉండేవి. మా అమ్మ అయిదో తరగతి చదివింది. కూడబలుక్కుని చదవడం నుంచి గడగడా చదవడం దాకా ఆవిణ్ని తీసుకెళ్లినవి ఆ పుస్తకాలే. నాన్న చూస్తే మాత్రం ఆడవాళ్లు చెడిపోతారని కేకలేసేవాడు. పండితులు వాటికి 'రైల్వే సాహిత్యం' అని పేరుపెట్టి పక్కకు తోశారు. పక్కకు తోసినదాన్ని ఎవరు భద్రం చేస్తారు?

క్రిస్టీ చిత్తు నోటుబుక్కులు 73 దొరికాయి. కిరాణా పద్దుల పక్కనే హత్యల పథకాలు రాసుకుందావిడ. ఒక పరిశోధకుడు వాటిని ఒక్కొక్కటీ చదివి 2009లో పుస్తకమే వేశాడు. ఆవిడ ఏ నవలకు మొదట ఎవరిని హంతకుడనుకుందో, తరువాత ఎందుకు మార్చుకుందో ఇవాళ ఎవరైనా చదువుకోవచ్చు. మన కొవ్వలి వారి చిత్తు పుస్తకం ఒక్కటి నేను చూడలేదు. చూశామన్నవాళ్లు కూడా నాకు తారసపడలేదు. నెలకు రెండు నవలలంటే మాటలా? పొద్దున రాసేవారా, రాత్రి రాసేవారా? కథ ముందే అనుకుని మొదలెట్టేవారా, రాస్తూ అల్లుకుపోయేవారా? సాపు ప్రతి ఎవరు రాసేవారు? ప్రెస్సు కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉంటే ఫారానికి సరిపడా పేజీలు అప్పటికప్పుడు రాసిచ్చేవారా? ఇవి చిల్లర ప్రశ్నలని కొందరు అనుకోవచ్చు. రాయడం నేర్చుకునేవాడికి ఇవే అసలు ప్రశ్నలు. కవిత్వానికి లక్షణ గ్రంథాలున్నాయి. జనం చదివే నవల రాయడానికి చెప్పేవాడేడీ?

కొల్లేటిలో లేని సస్పెన్సా?

గుమాస్తాగారి సీరియలు నాకు నచ్చడానికి ఇంకో కారణముంది. మన డిటెక్టివు నవలలు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే కాపురమున్నాయి. బంగళాలు, క్లబ్బులు, పొడవాటి కార్లు. ఈ కుర్రవాడు కథను కొల్లేరులోకి దింపాడు. అతని బావమరిది ఆకివీడు వైపు రొయ్యల చెరువుకు కాపలా ఉంటాడట. చెరువు గట్టుమీద పాక. రాత్రంతా ఏరియేటర్లు నీళ్లు చిలుకుతూనే ఉంటాయి. కరెంటు పోయి అవి ఆగితే నీటిలో ప్రాణవాయువు తగ్గి తెల్లారేసరికి సరుకంతా తేలిపోతుంది. లక్షల అప్పు నీళ్లపాలు. అందుకని ఆ హోరులో హాయిగా నిద్రపోయే కాపలావాడు హోరు ఆగగానే ఉలిక్కిపడి లేస్తాడు.

"అందరి కథల్లో చప్పుడైతే లేస్తారండీ. మావోడు చప్పుడాగితే లేస్తాడు. అక్కడ మొదలెట్టాను" అన్నాడు. అది ఊహించి రాయగలిగేది కాదు. ఆ గట్టుమీద ఒక రాత్రి పడుకుంటే తెలిసేది. నెలకు రెండుసార్లు బావమరిది దగ్గరికి వెళ్లి పాకలో పడుకుని వస్తాడట. అదీ అతని దినచర్యలో భాగమే.

సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ చాలామంది వినే ఉంటారు. టేబుల్ కింద బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడు ఒక్క క్షణం అదిరిపడతాడు. బాంబు ఉన్నట్టు ముందే చూపించి, కూర్చున్నవాళ్లకు తెలియనివ్వకుండా కబుర్లాడిస్తే పావుగంట ఊపిరి బిగబడతాడు. దీనికి మన కొల్లేరువాళ్లకు సినిమా అక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. వాన వెలిసింది. ఎండ కూడా వచ్చింది. ఆ నీరంతా రావలసింది కొల్లేటికే. పోవడానికి మాత్రం సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటే దారి. రోజులు గడిచేకొద్దీ లంకల చుట్టూ నీరు పెరిగింది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో పెదయడ్లగాడి దగ్గర నీరు రోడ్డెక్కింది. ఎండలో నిలబడి, గట్టుకు గుచ్చిన కర్రమీద నీటి గుర్తు చూసుకుంటూ రాబోయే వరదకోసం కాచుకున్న కుటుంబాల కన్న సస్పెన్సు ఏ నవలలో ఉంది?

అయిదో కాంటూరు సంగతీ అంతే. 1999లో అభయారణ్యమన్నారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు కొట్టారు. నీటిమీద కంటికి కనపడని గీత. దానికి లోపలున్నామా బయటున్నామా అన్నదానిమీద ఊళ్ల బతుకులు. గూడకొంగలకు ఆటపాకలో చెట్లున్నాయి గాని మనుషుల కథ ఇంకా ఎవరూ సరిగా రాయలేదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2020 డిసెంబరులో మా ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. మొదటి రెండు రోజులు నీళ్లన్నారు, గాలన్నారు, దోమల మందన్నారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ వాళ్లు, పురుగుమందుల అవశేషాలని మరికొందరు నిపుణులు చెప్పారు. అవి అంతమంది ఒంట్లోకి ఏ దారిన చేరాయన్న ముడి మాత్రం జనానికి తృప్తిగా విడలేదు. మా వీధిలో కుళాయి తిప్పడానికి వణికిన చేతులు చూశాను. ఇది నవలకు మంచి సరుకే. ఎవడో విలన్ను తెచ్చి ట్యాంకులో విషం కలిపించి పది రోజుల్లో పుస్తకం దింపేయవచ్చు కూడా. గుమాస్తాను అడిగితే, "అది రాయనండీ. పడిపోయినోళ్లలో మా పిన్నమ్మ ఉంది. ఆవిడ చదివితే తప్పు కనపడని రోజున రాస్తాను" అన్నాడు. పత్రికల్లో నెత్తురు చూసి నవలల్లో మరింత కలిపే పెద్ద రచయితలు కొందరు ఈ గుమాస్తా దగ్గర ఒక నెల కూర్చోవడం మంచిది.

ఇక అడగదలచుకున్నది అడుగుతాను. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా వేరుపడింది. ఏలూరు ఇటు, గూడెం, తణుకు అటు. కొవ్వలి ఏ జిల్లా రచయిత అని పంచుకోవడం మొదలుకాకముందే గ్రంథాలయాల పెద్దలు ఒక పని చేయాలి. ఏలూరులో ఒక బీరువా, తణుకులో ఒక బీరువా చాలు. పాత అణా నవలలు, అద్దె షాపుల డిటెక్టివులు, చినిగినవైనా సరే, చేర్చండి. అచ్చులో ఉన్న తెలుగంతా ప్రబంధాలే కాదు. సర్కారు డబ్బుకోసం ఆగనక్కరలేదు. ప్రతి పేటలోనూ ఒక అటకమీద ఒక ట్రంకు పెట్టె ఉంటుంది.

అటక మాట ఎత్తే హక్కు నాకు లేదనుకోండి. ఇల్లు కట్టుకున్నప్పుడు మా అమ్మ పెట్టె నేనే పాతకాగితాలవాడికి తూకానికి వేశాను. పద్నాలుగు కిలోలు తూగింది. ఎన్ని కొవ్వలి నవలలున్నాయో లెక్కపెట్టనైనా లేదు. ఆ డబ్బుతో ఏం కొన్నానో కూడా గుర్తులేదు.

పుస్తకాలకన్న తొందరగా పోయేవి మనుషుల జ్ఞాపకాలు. అక్షరాలు పేర్చిన కంపోజిటర్లు, స్టేషన్లో బుట్ట తగిలించుకుని అమ్మినవాళ్లు, ఆ రచయితలను దగ్గరగా చూసిన బంధువులు, ప్రూఫులు మోసిన కుర్రాళ్లు ఎనభై దాటి ఎక్కడో అరుగులమీద కూర్చుని ఉంటారు. ఈ రెండు జిల్లాల్లో అలాంటివారెవరైనా ఉంటే దయచేసి పిల్లల చేత ఒక పేజీ రాయించండి. ఆయన గొప్పవాడని రాయనక్కరలేదు. ఎన్నింటికి లేచేవారు, ఏ సిరా వాడేవారు, కాఫీ ఎన్నిసార్లు తాగేవారు, కథ ముడిపడితే ఏ వీధిన నడిచేవారు, అచ్చాఫీసువాళ్లు డబ్బు సరిగా ఇచ్చేవారా, ఇంట్లో ఎవరికి చదివి వినిపించేవారు, ఇంతే.

వచ్చే ఆదివారం నేనూ గుమాస్తా తణుకు వెళుతున్నాం. అక్కడి పెద్దవాళ్ల పేర్లు నలుగురివి సంపాదించాడు. ఇద్దరికి చెవులు వినపడవట. బిగ్గరగా అడిగే పని నాదన్నాడు. బస్సు ఏడింటికి. ఆరింటిదాకా అతను రాసుకోవాలి కదా, అంతకన్న ముందు బస్సుకు కుదరదన్నాడు.